నల్లదొర, కామందు, పడక్కుర్చీ విప్లవకారుడు: గోదావరి డెల్టాలో ఒక రాజకీయ నింద చరిత్ర

వ్యాససంగ్రహం

సంపన్నులై ఉండి సమానత్వం మాట్లాడేవారిని కపటులుగా ఎత్తిచూపే నిందలు తెలుగు రాజకీయ భాషలో సంస్కరణోద్యమ కాలం నుంచీ కనిపిస్తాయి. గోదావరి డెల్టా, ప్రత్యేకించి కోనసీమ నేపథ్యంలో అటువంటి కొన్ని పదాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నింద ఎవరి నోట పుట్టింది, ఏ కొలబద్దతో కొలిచింది అనే రెండు ప్రశ్నల ఆధారంగా, కింది నుంచి వచ్చిన నిందకూ పక్క నుంచి వచ్చిన నిందకూ ఉన్న తేడాను చూపడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: నల్లదొరతనము, కామందు, కుసుమ ధర్మన్న, బోయి భీమన్న, బొజ్జా తారకం, కోనసీమ, రాజకీయ నింద, అభ్యుదయవాదం

1. ఉపోద్ఘాతం

1969లో న్యూయార్క్ నగర మేయరు ఎన్నికల్లో డెమొక్రటిక్ అభ్యర్థి మారియో ప్రొకాచినో తన ప్రత్యర్థి జాన్ లిండ్సేను 'లిమొజీన్ లిబరల్' అన్నాడు. పేదల పక్షాన మాట్లాడుతూ ఖరీదైన కారులో తిరిగేవాడని దాని భావం. లిండ్సే ఆ ఎన్నికలో గెలిచాడు. కానీ ఆ మాట ఇద్దరికంటే ఎక్కువ కాలం బతికింది. ఇంగ్లండులో 'షాంపేన్ సోషలిస్టు', ఫ్రాన్సులో 'గోష్ కావియార్' అనే మాటలు ఇదే పని చేస్తాయి. వీటిని గురించి రాసేవారు సాధారణంగా వీటిని సంప్రదాయవాదుల ఆయుధాలుగానే లెక్కిస్తారు. మార్పు కోరేవాడి నోరు మూయించడానికి అతని ఆస్తిని చూపడం వీటి పద్ధతి.

తెలుగులో ఈ నింద చరిత్ర అంత సరళంగా లేదు. ఇక్కడ ఇది సంప్రదాయవాది చేతిలో ఉన్నట్టే పాలేరు చేతిలోనూ ఉంది. ఒకే నింద ఇద్దరి నోట రెండు వేరు వేరు కోరికలను మోస్తుంది. పాలేరు అన్నప్పుడు 'నువ్వు చెప్పేది చేసి చూపించు' అని అర్థం. సాటి సంపన్నుడు అన్నప్పుడు 'నువ్వు చెప్పడం ఆపు' అని అర్థం. ఈ తేడాను పట్టించుకోకుండా నిందాపదాలన్నిటినీ 'కపటత్వ విమర్శ' అనే ఒకే గాటన కట్టడం వల్ల మన సాహిత్య చరిత్రలో కొన్ని రచనల బలం తగ్గిపోయిందని నా అభిప్రాయం.

ఒక చిన్న పక్కమాట. కపటాన్ని ఎత్తిచూపడానికి తెలుగువారు తరచూ వాడే సామెత 'చెప్పేవి శ్రీరంగనీతులు'. తరగతిలోనూ సభల్లోనూ మనం మొదటి సగమే అని ఆపేస్తాం. రెండో సగం 'దూరేవి దొమ్మరిగుడిసెలు' అని. కపటిని నిందించబోయిన సామెత దారిలో ఒక సంచార కులాన్ని అవమానించి పోతుంది. ఎవరి తప్పును చూపడానికి ఎవరి ఇంటిని వాడుకున్నామన్న ప్రశ్న ఇతర నిందాపదాల విషయంలోనూ అడగవలసినదే.

2. పంక్తిలో తేలిన లెక్క

సంస్కరణోద్యమ కాలంలో కొలబద్ద భూమి కాదు, భోజనం. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ ఉద్యమానికి కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసహాయం అండగా నిలిచింది. డబ్బు ఉండడం అప్పుడు నిందకు కారణం కాలేదు. నింద వచ్చింది మరోచోట. సభలో వితంతు వివాహం శాస్త్రసమ్మతమేనని ఒప్పుకున్న పెద్దమనుషులు పంక్తిభోజనం దగ్గరకు వచ్చేసరికి వెనక్కి తగ్గారు. బహిష్కార భయంతో ప్రాయశ్చిత్తం చేసుకున్నవారూ ఉన్నారు. సంస్కర్త నిజమైనవాడా కాడా అన్నది విస్తరి ముందు తేలేది.

గురజాడ 'కన్యాశుల్కం' (1897, మార్చిన రూపం 1909) ఈ కాలానికి ఒక నిందాపదాన్నే ఇచ్చింది. గిరీశం క్రమంగా సామాన్యనామమైపోయాడు. అయితే గిరీశం దగ్గర చిల్లిగవ్వ లేదు. అతని కపటం సంపద వల్ల వచ్చినది కాదు, వాక్చాతుర్యం వల్ల వచ్చినది. ఈ కాలపు నిందలన్నీ దాదాపుగా అగ్రవర్ణాల లోపలి సంభాషణే. సంస్కర్త ఇంటి పొలంలో పనిచేసే మనిషి ఆ సంస్కర్తను గురించి ఏమనుకున్నాడన్నది అందులోకి రాలేదు. అది రావడానికి మరో నలభై ఏళ్లు పట్టింది.

3. 'దొరతనము' అనే మాట

సహాయ నిరాకరణోద్యమ కాలంలో, 1921లో, గరిమెళ్ల సత్యనారాయణ 'మాకొద్దీ తెల్లదొరతనము' పాట తెలుగునేల అంతటా వ్యాపించింది. 1922లో ఆయన జైలుకు వెళ్లారు. ఆ తర్వాత రాజమండ్రికి చెందిన దళిత కవి, వైద్యుడు, 'జయభేరి' పత్రిక నడిపిన కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' రాశారు. శీర్షికలో మారినది ఒకే మాట. సాహిత్య చరిత్రలు దీన్ని గరిమెళ్ల పాటకు ప్రతిధ్వనిగా, దళిత కవిత్వపు తొలి గొంతుల్లో ఒకటిగా నమోదు చేశాయి. అది నిజమే. కానీ శీర్షికను పదం పదంగా విడదీసి చూస్తే మరొకటి కనిపిస్తుంది.

'నల్లదొర' అనే మాటను వ్యక్తిదూషణగా తీసుకోవడం తేలిక. తెల్లవాడి దర్పాన్ని అనుకరించే స్వదేశీయుడు అన్న అర్థంలో అది స్వాతంత్ర్యానంతరం అధికారులను ఉద్దేశించి చాలాసార్లు వాడబడింది. ధర్మన్న వాడింది ఆ మాట కాదు. ఆయన మాట 'నల్లదొరతనము'. పందొమ్మిదో శతాబ్ది తెలుగులో 'దొరతనము' అంటే ప్రభుత్వం. 'దొరతనమువారు' అని సర్కారును గౌరవంగా వ్యవహరించేవారు. అంటే గరిమెళ్ల శీర్షికకు అక్షరార్థం 'ఈ తెల్లవారి ప్రభుత్వం మాకు వద్దు' అని. ధర్మన్న శీర్షికకు అక్షరార్థం 'ఈ నల్లవారి ప్రభుత్వం మాకు వద్దు' అని. స్వరాజ్యం ఇంకా రాకముందే, రాబోయే స్వరాజ్యం ఎవరి చేతిలో ఉంటుందో చూసి, ఇప్పుడు పొలంలో నడుస్తున్న పాలన కూడా ఒక ప్రభుత్వమేనని ఆ శీర్షిక అంటున్నది. ఊళ్లో ఆ ప్రభుత్వానికి పన్ను వెట్టి, శిక్ష ఆకలి, సరిహద్దు ఊరికీ పల్లెకూ మధ్య ఉన్న ఎడం.

అందువల్ల ఈ నిందకు ఒక ప్రత్యేకత వచ్చింది. ఇది ఏ ఒక్క దేశభక్తుడినీ పేరు పెట్టి కపటి అనదు. ఖద్దరు కట్టిన ఆసామి మంచివాడే కావచ్చు, జైలుకు వెళ్లి ఉండవచ్చు, అస్పృశ్యత పాపమని మనస్ఫూర్తిగా నమ్మి ఉండవచ్చు. అయినా అతను ఒక దొరతనంలో భాగస్వామి. ప్రొకాచినో మాట లిండ్సే ఎక్కిన కారు దగ్గర ఆగిపోతుంది. లిండ్సే కారు దిగి నడిస్తే ఆ మాటకు పని లేదు. ధర్మన్న మాటకు జవాబు చెప్పాలంటే వేషం మార్చుకుంటే చాలదు. కూలి మారాలి, నేల మారాలి, బావి మారాలి.

ఈ పాట స్వాతంత్ర్యాన్ని వ్యతిరేకించిందన్న విమర్శ అప్పుడప్పుడు వినిపిస్తుంది. నా దృష్టిలో అది శీర్షికను సగమే చదవడం. ధర్మన్నకు తెల్లదొరతనం కావాలని అందులో ఎక్కడా లేదు. 'వద్దు' అనే జాబితాలో రెండో పేరు చేర్చడమే ఆయన చేసిన పని. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభలో 'పంచమ' అన్న పేరును వదిలి 'ఆది ఆంధ్ర' అన్న పేరును స్వీకరించినవారికి మాటల బలం కొత్తగా తెలియవలసినది కాదు. తమను పిలిచే పేరును మార్చుకున్నవారు తరువాతి అడుగులో ఎదుటివారిని పిలిచే పేరును మార్చారు.

4. కోనసీమ: కామందు గారు

ధర్మన్న ఉన్న రాజమండ్రి డెల్టాకు శిరస్సు. అక్కడినుంచి గౌతమి, వసిష్ఠ పాయల మధ్య సముద్రం దాకా పరచుకున్న కోనసీమ ఆ డెల్టాకు అత్యంత సారవంతమైన భాగం. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ ప్రాంతపు వ్యవసాయాన్ని మార్చివేసింది. అమలాపురం, రాజోలు, కొత్తపేట తాలూకాల్లో వరి, కొబ్బరి మీద ఎదిగిన కుటుంబాల పిల్లలు చదువుకుని వకీళ్లు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు, కాంగ్రెసు కార్యకర్తలు అయ్యారు. గ్రంథాలయోద్యమం, ఖద్దరు, హరిజనసేవ వీటన్నిటినీ మోసినవారు చాలావరకు ఈ ఇళ్లనుంచే వచ్చారు. వారి వ్యవసాయాన్ని మోసినవారు మాత్రం ఏడాది లెక్కన కుదుర్చుకున్న పాలేర్లు.

ఈ సంబంధానికి కోనసీమలో వాడుకలో ఉన్న మాట 'కామందు'. జమీందారు ఎక్కడో కోటలో ఉంటాడు, కామందు గట్టు మీద ఉంటాడు. 1948లో మద్రాసు శాసనసభ జమీందారీల రద్దు చట్టం చేసినప్పుడు రెవెన్యూ మంత్రిగా ఉన్నవారు ఈ కోనసీమకే చెందిన ముక్కామల వాసి కళా వెంకటరావు. ఆ చట్టం చిన్న విషయం కాదు. శతాబ్దంన్నర వేళ్లూనుకున్న ఒక హక్కును అది తీసివేసింది. కానీ అది ఎస్టేటును రైత్వారీగా మార్చింది. రైత్వారీ పొలంలో కామందుకూ పాలేరుకూ ఉన్న లెక్కను అది ముట్టుకోలేదు. కోట దొర వెళ్లాడు, గట్టు దొర ఉన్నాడు. అభ్యుదయ శాసనాన్ని మనస్ఫూర్తిగా హర్షించిన రైతు, మరునాడు పాలేరుకు కొలిచే ధాన్యం దగ్గర పాత కుంచాన్నే వాడగలిగాడు. అందులో అతనికి వైరుధ్యం కనిపించకపోవడం కపటం కాదు. అతను తనను తాను జమీందారు బాధితుడిగానే ఎప్పుడూ ఊహించుకున్నాడు.

కోనసీమ వాడుకభాష ఇక్కడ ఒక సంగతి చెబుతుంది. మాట చివర 'అండి', మాటకు ముందూ వెనుకా 'ఆయ్' లేకుండా ఈ ప్రాంతంలో సంభాషణ నడవదు. బయటివారికి అది వినయంగానో హాస్యంగానో వినిపిస్తుంది. నింద కూడా ఆ గౌరవవాచకాల్లోనే ప్రయాణిస్తుందని ఇక్కడివారికి తెలుసు. 'ఆయ్, తమరు పెద్దమనుషులండి' అన్న వాక్యంలో ఎక్కడా తిట్టు లేదు. కానీ అన్నవాడికీ విన్నవాడికీ అర్థం తెలుసు. ఎదురు తిరిగి తిట్టగల స్థితిలో లేని మనిషికి మర్యాదే మాటుగా ఉపయోగపడింది. అందుకే ఈ ప్రాంతపు నిందలను నిఘంటువుల్లో వెతికితే దొరకవు. 'కామందు', 'బాబుగారు', 'పెద్దమనిషి' ఇవన్నీ నిఘంటువులో గౌరవపదాలే.

రాజోలు తాలూకా మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' నాటకాన్ని ఈ నేపథ్యంలో చదవాలి. పాలేరు బిడ్డ చదువుకుని పై అధికారి కావడం దాని ఇతివృత్తంలోని ప్రధానాంశం. ఊరూరా ఆడిన నాటకమది. విమర్శకులు కొందరు దాన్ని సంస్కరణవాద నాటకమని, తిరుగుబాటు చాలదని తక్కువ చేశారు. నాకు మరోలా అనిపిస్తుంది. ధర్మన్న 'మీ దొరతనం మాకొద్దు' అన్నచోట భీమన్న 'ఆ కుర్చీలో మేం కూర్చుంటే?' అని అడిగాడు. కోనసీమలో కుర్చీ ప్రశ్న తక్కువ ప్రశ్న కాదు. కామందు ముందు కుర్చీలో కూర్చోవడం దానికదే ఒక సంఘటన అయిన కాలమది.

5. పక్క నుంచి వచ్చిన మాట

1943లో తెనాలిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగింది. 'సంస్కర్త', 'దేశభక్తుడు' అన్న స్వీయనామాల పక్కన 'అభ్యుదయవాది' చేరింది. స్వీయనామం మారగానే నింద కూడా మారింది. కమ్యూనిస్టు పార్టీ ఆంధ్ర నాయకత్వంలో కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల సంపన్న రైతు కుటుంబాల నుంచి వచ్చినవారు ఎక్కువగా ఉండడాన్ని ఎత్తిచూపుతూ 'కమ్మ్యూనిస్టులు' అన్న శ్లేష నోటిమాటగా వ్యాపించింది.

ఈ మాటను ధర్మన్న మాటతో పోల్చి చూడాలి. రెంటిలోనూ ఆరోపణ ఒకటే: ఉన్నవాడు లేనివాడి పేరు చెబుతున్నాడని. కానీ ఇది పాలేరు పుట్టించిన మాటగా కనిపించదు. రాజకీయ ప్రత్యర్థి నోటికే ఇది ఎక్కువగా అమరింది. 1952 ఎన్నికల్లో ఆంధ్ర ప్రాంతంలోని 140 స్థానాల్లో కమ్యూనిస్టులు 41 గెలిచారు. 1955 మధ్యంతర ఎన్నికల్లో కాంగ్రెసు, ఎన్.జి. రంగా కృషికార్ లోక్ పార్టీ తదితరులతో కలిసి ఐక్య సంఘటనగా నిలిచింది. 196 స్థానాల సభలో కమ్యూనిస్టులకు 15 మాత్రమే దక్కాయి. ఓట్లు మాత్రం 31 శాతం వచ్చాయి. రంగా స్వయంగా నిడుబ్రోలు సంపన్న రైతు కుటుంబీకుడు, ఆక్స్‌ఫర్డులో చదివినవాడు. పోటీపడిన రెండు పక్షాల నాయకత్వమూ చాలావరకు ఒకే గట్టు మీద నిలబడి ఉంది. అటువంటి చోట 'మీరు ధనికులు' అన్న నింద ధనాన్ని ప్రశ్నించదు. కూలి పెంచమని అడగదు. ఆ ధనికుడు తన వర్గానికి తిరిగి రావాలని మాత్రమే కోరుతుంది.

అమెరికన్ పాత్రికేయుడు సెలిగ్ హారిసన్ 1956లో ప్రచురించిన వ్యాసంలో ఆంధ్ర కమ్యూనిస్టు ఉద్యమాన్ని కమ్మ, రెడ్డి కులాల స్పర్ధ ఆధారంగా వివరించాడు. ఆ వ్యాసం మన విశ్వవిద్యాలయాల్లో దశాబ్దాలపాటు పాఠంగా నిలిచింది. అందులో ఉపయోగకరమైన పరిశీలన ఉంది. కానీ నోటిమాటగా తిరుగుతున్న నిందకు పరిశోధన హోదా ఇవ్వడంలోని ప్రమాదం కూడా ఉంది. ఆ చట్రంలో రెండు కులాల పోటీ కనిపిస్తుంది, ఆ రెండు కులాల పొలాల్లో కోత కోసినవారు మసకబారతారు.

ఆ శ్లేష ఇమడని మనిషి పుచ్చలపల్లి సుందరయ్య. నెల్లూరు జిల్లా అలగానిపాడులో రెడ్డి భూస్వామి కుటుంబంలో 1913లో పుట్టి, పేరు చివరి కులవాచకాన్ని వదిలి, తన వాటా ఆస్తిని పార్టీకి ఇచ్చివేసి, వ్యవసాయ కూలీలను సంఘటితం చేయడంతో రాజకీయ జీవితం మొదలుపెట్టారు. ఆయన్ను గురించి చెప్పేటప్పుడు మనం త్యాగం అనే మాట వాడతాం. ఆ మాట నాకు కొంత ఇబ్బందిగా ఉంటుంది. త్యాగమన్నప్పుడు ఇచ్చినవాడి గొప్పతనం ముందుకు వస్తుంది, అడిగినవాడి హక్కు వెనక్కి పోతుంది.

1973 నాటి భూసంస్కరణల చట్టం ఈ ప్రశ్నను ఎకరాల్లోకి తెచ్చింది. మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు కుటుంబ పరిమితి. మేజరు కుమారుడికి వేరే లెక్క. కాగితం మీద కుటుంబాలు విడిపోయిన కాలమది. 'భూస్వామ్యం నశించాలి' అన్న నినాదమూ, సాగుకు పేరు మాత్రమే ఇచ్చిన బంధువుల జాబితా ఒకే బల్ల మీద ఉండగలిగాయి. 'పడక్కుర్చీ విప్లవకారుడు' అన్న మాట ఇటువంటి నేల మీదే బాగా అతికింది. ఈ మాటకు సొంత పక్షం లేదు. తీవ్ర వామపక్షం మితవాద వామపక్షాన్ని అంటుంది, కుడివారు అందరినీ అంటారు. ఇప్పుడు పడక్కుర్చీ స్థానంలో 'ఏసీ గది' వచ్చింది. కొలబద్ద భూమి నుంచి వస్తువుకు జారిపోయింది. జీతం, ఇల్లు, కారు, పిల్లలు చదివే బడి. నెల జీతంతో దళిత సాహిత్యం పాఠం చెప్పే నాబోటివారికి కూడా ఈ కొలత వర్తిస్తుంది కాబట్టి దీన్ని తేలిగ్గా కొట్టివేసే ఉద్దేశం నాకు లేదు. అడిగేది ఎవరన్నదే చూడాలి.

6. కారంచేడు తర్వాత

1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో కమ్మ భూస్వాముల దాడిలో ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. ఆ తర్వాత చీరాలలో దళిత మహాసభ ఏర్పడింది. ధర్మన్న ప్రశ్న మళ్లీ కింది నుంచి లేచింది. ఈసారి అది ఖద్దరును కాదు, ఎర్రజెండాను అడిగింది: వర్గం గురించి ఇంత మాట్లాడిన పార్టీల నాయకత్వంలో కులం ఎందుకు కనిపించదు, పొలిట్ బ్యూరోలో మాదిగ ఎందుకు లేడు? 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' సంకలనం వరకూ ఈ ప్రశ్న కవిత్వంలో పదునెక్కుతూ వచ్చింది. దీన్ని పార్టీలు మొదట కొంతకాలం 'శత్రువుకు ఉపయోగపడే మాట'గా కొట్టివేశాయి. కింది నుంచి వచ్చిన నిందను పక్క నుంచి వచ్చిన నిందగా పొరబడడం ఇదే.

దీనికి మరో మలుపు ఉంది. భీమన్న నాటకంలో కుర్చీ ఎక్కిన పాలేరు బిడ్డ నిజజీవితంలోనూ కుర్చీ ఎక్కాడు. అధికారి, లెక్చరరు, శాసనసభ్యుడు అయ్యాడు. వెంటనే అతని కోసం 'దళిత బ్రాహ్మణుడు' అన్న మాట సిద్ధమైంది. దళితుల లోపల ఈ మాటకు ఒక అర్థం ఉంది: ఎక్కినవాడు వెనక్కి చూడమని. బయట దీనికి వేరే అర్థం ఉంది: ఎక్కినవాడికి ఇక దళితుడిగా మాట్లాడే హక్కు లేదని. మూడు తరాలుగా భూమీ చదువూ ఉన్న అభ్యుదయవాదిని ఏసీ గది పేరుతో అడిగినప్పుడు అది ఎత్తిపొడుపు. మొదటి తరం ఉద్యోగిని అదే మాట అడిగినప్పుడు అది తలుపు మూయడం. ఒకే మాట ఇద్దరికీ సమానంగా తగలదు.

ఈ చరిత్రలోని పాయలన్నీ కలిసే ఒక జీవితం కోనసీమలోనే ఉంది. అమలాపురం సమీపంలోని కందికుప్పలో 1939లో పుట్టిన బొజ్జా తారకం, అంబేద్కర్ ఉద్యమకారుడూ అమలాపురం శాసనసభ్యుడూ అయిన బొజ్జా అప్పలస్వామి కుమారుడు. 'నది పుట్టిన గొంతుక' కవి, 'కులం-వర్గం' గ్రంథకర్త, హైకోర్టులో పేరున్న న్యాయవాది. మార్క్సునూ అంబేద్కర్‌నూ కలిపి చదవమన్నందుకు ఇరువైపులా విమర్శ ఎదుర్కోగల స్థానం ఆయనది. న్యాయవాద వృత్తి వల్ల వచ్చిన హోదా ఆయనకూ ఉంది. కారంచేడు జరిగినప్పుడు ఆయన ప్రభుత్వ న్యాయవాది. ఆ పదవికి రాజీనామా చేసి బాధితుల పక్షాన నిలిచారు. నల్లదొరతనం వద్దని ధర్మన్న అన్న అరవై ఏళ్లకు, ఆ దొరతనమువారి ఉద్యోగాన్ని ఒక కోనసీమ దళితుడు తిరిగి ఇచ్చివేశాడు.